చిత్రం వెనక కాగితాన్ని చించకండి

ప్రశ్న: మా మేనత్త పోయాక ఆమె దాచుకున్న పాత సామాను మా ముగ్గురు తోబుట్టువులకు వచ్చింది. నీలం పూల పింగాణీ పళ్లాలు ఆరు, పొడవాటి కాడ ఉన్న గాజు గ్లాసులు రెండు, వెండి టీ కూజా ఒకటి, ఓడరేవును గీసిన తైలవర్ణ చిత్రం ఒకటి. పళ్లాల్లో ఒకటి ఎప్పుడో పగిలితే లోహపు మేకులతో అతికించారు. పళ్లాల అడుగున ఆరు చైనా అక్షరాలు, కూజా అడుగున నాలుగు ముద్రలు, దాని పిడికి రెండు తెల్లటి పట్టీలు ఉన్నాయి. చిత్రం మీద పేరున్న చిత్రకారుడి సంతకం ఉంది. కానీ ఫొటోలు చూసిన వేలం సంస్థ కేటలాగులో ‘ఆయన అనుచరుడు’ అని మాత్రమే వేస్తామంటోంది. మాకు అవమానంగా ఉంది. ఈలోగా ఒక వ్యాపారి వచ్చి అన్నీ గుండుగుత్తగా కొంటానన్నాడు. మా అన్నయ్య కూజాకు మెరుగు పెట్టించి, చిత్రం వెనక చిరిగిన కాగితాలు తీసేసి, కొత్త ఫ్రేము వేయించి వేలానికి పంపుదామంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ అన్నయ్యను ఆపండి. వ్యాపారి సంగతీ వేలం సంస్థ సంగతీ నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు, వాటికి ఇంకా వ్యవధి ఉంది. తోమిన వెండిని, చించిన కాగితాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

ఆయన ఉద్దేశం మంచిదే. అమ్మే వస్తువు నిగనిగలాడాలని ఎవరికైనా ఉంటుంది. వేలం కేటలాగులు రాసే పనిలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఒక పాత వెండి పళ్లెం మధ్యలో ఎవరిదో వంశ చిహ్నం చెక్కి ఉంది. నల్లగా మురికి పట్టినట్టు కనిపించింది. మార్కెట్లో దొరికే మెరుగు ద్రావణంలో ముంచి తీశాను. రెండు నిమిషాల్లో తళతళలాడింది. అయితే చెక్కిన గీతల లోతుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న నలుపు కూడా దానితో పాటే పోయింది. అంతవరకు ఉబ్బెత్తుగా కనిపించిన చిహ్నం, చదునైన రేకు మీద గోటితో గీసినట్టుగా తయారైంది. నాకు పని నేర్పిన పెద్దావిడ పళ్లాన్ని కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి చాలాసేపు చూసి, కేటలాగు ప్రతిలో ‘చక్కని సహజమైన మెరుపు’ అన్న మాటను కొట్టేసింది. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ కొట్టివేత ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

వెండి నల్లబడటం అంటే గాలిలోని గంధకంతో కలిసి పైపొర మారిపోవడం. గట్టిగా తోమిన ప్రతిసారీ ఆ పొరతో పాటు కాస్త వెండి కూడా పోతుంది. ముందుగా అరిగేవి అడుగున కొట్టిన ముద్రలే. మీ కూజాకు ఆ ముద్రలే ప్రాణం.

ఆ ముద్రల గురించి మీరు రాసిన నాలుగు మాటలు చదివి సంతోషించాను. నడుస్తున్న సింహం, లంగరు, ఒక అక్షరం, స్త్రీ తల అన్నారు. ఇంగ్లండులో వెండిని పరీక్షించి ముద్ర వేయడం 1300లో వచ్చిన చట్టంతో మొదలైంది. సింహం ముద్ర 1544 నుంచి ఉంది. నూటికి తొంభై రెండున్నర పాళ్లు వెండి ఉందని దాని అర్థం. లంగరు బర్మింగ్‌హామ్ నగరానిది. అక్కడ పరీక్షా కార్యాలయం 1773లో తెరిచారు. ఇక ఆ తల రాజ్యమేలుతున్న వారిది, వెండి మీద పన్ను కట్టారనడానికి గుర్తు. 1784 నుంచి 1890 దాకా మాత్రమే కొట్టారు. స్త్రీ తల అంటే విక్టోరియా రాణి. ఆమె గద్దెనెక్కింది 1837లో. అంటే ముద్రలు నిజమైనవైతే మీ కూజా 1837కు, 1890కి మధ్య తయారైంది. మిగిలిన అక్షరం కచ్చితమైన సంవత్సరాన్ని చెబుతుంది. అచ్చు రూపాన్ని, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారాన్ని ముద్రల పట్టికతో పోల్చి చూసుకోవాలి. తయారీదారు పేరులోని పొడి అక్షరాలు ఐదో ముద్రగా ఎక్కడో ఉండాలి, మళ్లీ వెతకండి. మూతనూ చూడండి. సాధారణంగా మూత మీద కూడా చిన్న ముద్రలు ఉంటాయి. లేకపోయినా, కింద ఉన్నవాటితో సరిపోలకపోయినా మూత తర్వాత మార్చినది కావచ్చు.

ఇప్పుడొక పరీక్ష చెబుతాను. దీనికి పరికరాలేవీ అక్కర్లేదు. కూజాను బోర్లించి, ముద్రలున్న చోట నోటితో ఆవిరి ఊదండి. మంచు పట్టినట్టు మసకబారుతుంది. ఆ మసక కరిగే రెండు మూడు క్షణాల్లో కన్నార్పకుండా చూడండి. అతుకు ఉన్నచోట మసక ఒక తీరుగా, మిగతా చోట మరో తీరుగా కరుగుతుంది. ముద్రల చుట్టూ గుండ్రంగానో పలకగానో సన్నని గీత తేలితే, వాటిని వేరే చిన్న వస్తువు నుంచి కోసి ఇక్కడ టంకం వేసి అతికించారన్న మాట. ఇది పాత విద్యే. 1720లో ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను వేసినప్పుడు దాన్ని ఎగవేయడానికి కంసాలులే ఈ పని చేశారు. ఆ తర్వాత కొనేవాళ్లను మోసం చేయడానికి ఇంకొందరు చేశారు. కూజా పక్కభాగం మీద కూడా ఊదండి. పాత యజమాని పేరు చెరిపేసి ఉంటే అక్కడ ఒక మచ్చ బయటపడుతుంది. బొటనవేలితో మెల్లగా నొక్కితే రేకు పలచబడి లోపలికి తగ్గుతుంది కూడా.

పిడికి రెండు తెల్లటి పట్టీలు ఉన్నాయని రాశారు. వేడి పిడి దాకా పాకకుండా ఆ కాలంలో పెట్టేవారు. అవి తరచుగా ఏనుగు దంతమే అయి ఉంటాయి. భూతద్దంతో చూస్తే ఎముకలో చిన్న చిన్న నల్లటి చుక్కలు, రంధ్రాలు కనిపిస్తాయి. దంతాన్ని అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటే సన్నని గీతల వల కనిపిస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 1989లో ఆఫ్రికా ఏనుగును కూడా అంతర్జాతీయ వ్యాపార నిషేధ జాబితాలో చేర్చాక దంతం ఉన్న వస్తువును సరిహద్దులు దాటించడం కష్టమైంది. బ్రిటన్‌లో 2018 నాటి చట్టం 2022 నుంచి అమలవుతోంది. అక్కడ దంతం ఉన్న వస్తువును అమ్మాలంటే కచ్చితమైన మినహాయింపు కిందకి రావాలి, ముందుగా నమోదు చేయించాలి. దేశానికో తీరు కాబట్టి వేలం సంస్థకు ఈ పట్టీల సంగతి మీరే ముందుగా, రాతపూర్వకంగా చెప్పండి. వాటిని ఊడదీసి ప్లాస్టిక్ వేయించాలన్న ఆలోచన ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

పళ్లాల దగ్గరకు వస్తే, అడుగున ఉన్న ఆరు చైనా అక్షరాలను ఎవరితోనో చదివించారట. కాంగ్‌షీ చక్రవర్తి పేరు వచ్చిందని, ఆయన కాలం 1662 నుంచి 1722 కాబట్టి పళ్లాలూ అప్పటివేనని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయాన్ని కాసేపు పక్కన పెట్టండి. చైనా పింగాణీలో అడుగున ఉన్న పేరును అన్నిటికన్నా చివర నమ్మాలి. పూర్వీకుల మీద గౌరవంతో పాత చక్రవర్తుల పేర్లు రాయడం అక్కడి కుమ్మరులకు మామూలే. పంతొమ్మిదో శతాబ్దం చివర తయారైన నీలం తెలుపు పాత్రల మీద కాంగ్‌షీ పేరు విరివిగా కనిపిస్తుంది. కాంగ్‌షీ హయాంలో తయారైన వాటి మీదేమో అంతకు రెండు శతాబ్దాల ముందటి మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పేరు ఉంటుంది. మోసం చేయాలని కొందరు రాశారు, మొక్కుబడిగా కొందరు రాశారు. యూరప్‌లోనూ ఇంతే. జర్మనీలో 1710లో మొదలైన మైసెన్ పింగాణీ కర్మాగారపు జంట కత్తుల గుర్తును కాపీ కొట్టని దేశం ఉందా అనిపిస్తుంది.

అక్షరాలను వదిలేసి పళ్లాన్ని చూడండి. అడుగున గుండ్రటి అంచు మీద గాజులాంటి మెరుగు పూత ఉండదు. అక్కడ వేలు పెట్టి నిమరండి. బల్లల మీద, బీరువాల్లో వందేళ్లకు పైగా జరిగిన పళ్లానికి ఆ అంచు పట్టులాగా అరిగి ఉంటుంది. మట్టి రంగు మారి, మురికి లోపలికి దిగి ఉంటుంది. పైన మెరుగు మీద భోజనాల నాటి కత్తి గీట్లు వెలుగుకు ఏటవాలుగా పెడితే కనిపిస్తాయి. తర్వాత మూడు వేళ్ల కొసల మీద నిలిపి అంచును గోటితో మీటండి. గట్టి పళ్లెం చిన్న గంటలా మోగి, మోత కాసేపు నిలుస్తుంది. జుట్టంత సన్నని బీట ఉన్నా టప్పుమని ఆగిపోతుంది. ఆరింటినీ ఇలా మీటి చూసి, ఏది మోగిందో ఏది మోగలేదో చీటీ మీద రాసుకోండి. కళ్లకు అందకుండా చేసిన కొత్త మరమ్మతులూ ఉంటాయి. పగులును పూడ్చి పైన రంగు చల్లి ఉంటే, పెదవికి తాకించినప్పుడు అసలు పింగాణీ చల్లగా, మరమ్మతు చేసిన చోటు కాస్త వెచ్చగా, మెత్తగా తగులుతుంది. అతినీలలోహిత దీపం కింద అలాంటివి చాలావరకు వేరే రంగులో బయటపడతాయి. ఆ పని సంస్థవాళ్లే చేస్తారు. పళ్లాలను మాత్రం సబ్బునీళ్లలో నానబెట్టకండి. పాత జిగురు మెత్తబడుతుంది, ఇనుప మేకులైతే తుప్పు పగులులోకి పాకి శాశ్వతంగా మరక పడుతుంది.

గాజు గ్లాసుల గురించి మీరు పెద్దగా రాయలేదు, నేనూ పెద్దగా చెప్పలేను. కాడ అడుగున, పాదం మధ్యలో గరుకుగా ఒక మచ్చ ఉందేమో చూడండి. ఊది చేసిన గాజును కడ్డీ నుంచి విరిచిన గుర్తు అది. నిలువుగా అతుకు గీత కనిపిస్తే అచ్చులో పోసినది. సీసం కలిపిన గాజు బరువుగా ఉండి చక్కగా మోగుతుంది. జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ ఇంగ్లండులో 1674లో హక్కు పొందిన గాజు తయారీ పద్ధతితో అలాంటి గాజు వాడుకలోకి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు గ్లాసుల పాదం సాధారణంగా పైగిన్నె అంచు కన్నా వెడల్పుగా ఉంటుంది. పాదం చిన్నదిగా కనిపిస్తే, అంచు విరిగితే అరగదీసి గుండ్రం చేసి ఉండవచ్చు. పాదం కింద గీట్లను భూతద్దంతో చూడండి. రోజూ వాడిన గ్లాసు గీట్లు సన్నగా, అన్ని దిక్కులకూ, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది ముసలితనం తెచ్చిన గ్లాసుకు అవి ఒకే వరసలో సాగుతాయి.

ఇక చిత్రం. మీ అన్నయ్య తీసేద్దామన్న చిరిగిన కాగితం, ఆ పక్కన చెక్క మీద నల్లటి అచ్చు అంకెలు, తుప్పు పట్టిన మేకులు, వీటన్నిటినీ పగటి వెలుగులో ఒక్కొక్కటిగా ఫొటో తీయండి. కాగితం ఊడిపోయేలా ఉంటే అలాగే వదిలేయండి, జిగురుతో అంటించకండి. చిత్రం ముందువైపు అబద్ధం చెప్పడం తేలిక. వెనకవైపుతో అబద్ధం చెప్పించడం అంత తేలిక కాదు. ఏ దుకాణంలో ఫ్రేము కట్టారో, ఏ ప్రదర్శనకు వెళ్లి వచ్చిందో, ఎవరి చేతులు మారిందో అక్కడే ఉంటుంది. కొన్ని పెద్ద వేలం సంస్థలు తమ దగ్గరకు వచ్చిన ప్రతి చిత్రం వెనక అచ్చుపలకతో ఒక అంకె వేసేవి. క్రిస్టీస్ సంస్థ నల్లటి అంకెలు ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ గుర్తుపడతారు. మీ చిత్రం మీది అంకె అలాంటిదే అయితే, పాత రికార్డులు తిరగేసి అది ఏ సంవత్సరం, ఎవరి పేరు మీద అమ్ముడైందో కనిపెట్టే దారి ఉంది. పుట్టుపూర్వోత్తరాలు తేలిన చిత్రానికీ తేలని చిత్రానికీ పాటలో పోలికే ఉండదు. అంత విలువైన కాగితాన్ని మీరు చెత్తబుట్టలో వేయబోయారు. పాత ఫ్రేము కూడా సాక్ష్యమే, దాన్నీ మార్చకండి.

‘అనుచరుడు’ అన్న మాటకు బాధపడ్డారు. కేటలాగు భాషలో ప్రతి మాటకూ ఒక మెట్టు ఉంది. చిత్రకారుడి పూర్తి పేరు ఒక్కటే వేస్తే, అది ఆయన స్వయంగా గీసినదని సంస్థ అభిప్రాయం. ‘ఆయనదిగా భావిస్తున్నది’ అంటే బహుశా ఆయనదేనని. ‘ఆయన చిత్రశాలలోది’ అంటే ఆయన కనుసన్నల్లో శిష్యులు గీసి ఉంటారని. ‘ఆయన వలయంలోనిది’ అంటే ఆయన ప్రభావం పడిన సమకాలికుడెవరో గీశాడని. ‘అనుచరుడు’ అంటే ఆయన శైలిలో గీసినవాడే, కానీ శిష్యుడు కానక్కర్లేదు. ‘ఆయన ధోరణిలో’ అంటే చాలా తర్వాతి కాలంది. ‘ఆయన చిత్రాన్ని చూసి’ అంటే నకలు. అలాగే ‘సంతకం చేసిన చిత్రం’ అన్నది ఒకటి, ‘సంతకం ఉన్న చిత్రం’ అన్నది మరొకటి. మొదటిది ఆయనే పెట్టాడంటుంది, రెండోది ఎవరో పెట్టి ఉండవచ్చంటుంది. కేటలాగు చివర సన్న అక్షరాల్లో ఈ మాటల అర్థాలు ఇస్తారు. ముందు ఆ పేజీ చదవండి.

సంతకాన్ని మీరే పరిశీలించవచ్చు. భూతద్దం పెట్టి అక్షరాల మీదుగా నడిచే సన్నని పగుళ్లను చూడండి. చిత్రంతో పాటే వయసు వచ్చిన సంతకమైతే పగులు రంగునూ అక్షరాన్నీ కలిపి చీలుస్తుంది. ముసలి చిత్రం మీద తర్వాత ఎవరో పేరు రాసి ఉంటే, ఆ కొత్త రంగు పగుళ్లలోకి దిగి, అవి గుంటల్లా నిండి కనిపిస్తాయి. పాత చిత్రాలకు పేరున్నవాళ్ల సంతకాలు చేర్చడం ఎంత పాత అలవాటో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. రంగులు కూడా కాలం చెబుతాయి. జర్మనీలో నకిలీ చిత్రాలు గీసిన వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాకీ ఏళ్ల తరబడి పెద్ద పెద్ద నిపుణులను నమ్మించి, 1914 నాటిదని చెప్పిన ఒక చిత్రంలో ఆ కాలానికి చిత్రకారుల చేతికి రాని టైటానియం తెలుపు బయటపడటంతో దొరికిపోయాడు.

ఫొటోలు చూసి చెప్పిన అభిప్రాయం చివరి మాట కాదు. చిత్రాన్ని స్వయంగా తీసుకువెళ్లి, వెనకవైపు చూపించి, ఆ చిత్రకారుడి మీద పనిచేసిన నిపుణుడికి చూపిస్తారా అని అడగండి. అప్పుడూ ‘అనుచరుడు’ అనే అంటే ఒప్పుకోండి. నా మట్టుకు అది మీకు రక్షణ. పెద్ద పేరు వేయించుకుని అమ్మాక అది తప్పని తేలితే, చాలా సంస్థల నిబంధనల ప్రకారం కొన్నేళ్లలోపు అమ్మకం రద్దవుతుంది, వచ్చిన డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. పైగా చిత్రంలో దమ్ముంటే, కేటలాగు ఏమన్నా కంటితో తూచేవాళ్లు ఇద్దరు చాలు, పాట దానంతట అదే పైకి వెళుతుంది.

డబ్బు లెక్క కూడా తెలిసి ఉండాలి. పాట వంద దగ్గర ముగిసి సుత్తి పడిందనుకోండి. కొన్నవారు దాని మీద పాతికో ఎంతో సంస్థకు అదనంగా కడతారు. మీ వందలోంచి కమిషన్, బీమా, ఫొటో ఖర్చు, రవాణా పోతాయి. పదిహేను కమిషనే పోయినా మీ చేతికి ఎనభై ఐదుకు లోపే వస్తుంది. కాబట్టి సంతకం పెట్టే ముందు ప్రతి కోతనూ అంకెల్లో రాయించుకోండి. అమ్ముడుపోకపోతే ఏం కట్టాలి, మనసు మార్చుకుని వెనక్కి తీసుకుంటే ఏం కట్టాలి అన్నవి కూడా అడగండి. ఇంతకు తగ్గితే ఇవ్వమని పెట్టే కనీస ధర మీకూ సంస్థకూ మధ్యే ఉంటుంది. కేటలాగులో వేసే అంచనాలో కింది అంకెకు అది మించకూడదు. మీ ముగ్గురూ ఆశకొద్దీ ఆ అంకెను పెంచమని పట్టుబట్టకండి. అంచనా ఎక్కువగా ఉంటే మొదటి చెయ్యే లేవదు. ఒకసారి అమ్ముడుపోని వస్తువు సంగతి కొనేవాళ్లకు గుర్తుంటుంది, మళ్లీ వెంటనే పెడితే ఇంకా తగ్గుతుంది.

సుత్తి పడగానే డబ్బు వచ్చేసినట్టు కాదు. 2010లో లండన్ శివారులో ఒక చిన్న వేలంలో చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలపు చైనా కూజాకు సుత్తి 4.3 కోట్ల పౌండ్ల దగ్గర పడింది. ఒక ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికిన వస్తువు అది. లోకమంతా చెప్పుకుంది. పాట గెలిచినవారు మాత్రం డబ్బు కట్టలేదు. చివరికి 2013లో దాన్ని ఇంకొకరికి, అంతకన్నా చాలా తక్కువకు, వేలం లేకుండా అమ్మారు. మీ ఒప్పందంలో కొన్నవారు కట్టకపోతే ఏమవుతుందన్న వాక్యం ఉందో లేదో చూసుకోండి.

గుండుగుత్త వ్యాపారిని నేను దొంగ అనను. నిజాయితీగా కొనే వ్యాపారులు చాలామంది ఉన్నారు, వేలం ఖర్చులన్నీ తీసేస్తే కొన్నిసార్లు వాళ్లిచ్చేదే నికరంగా ఎక్కువ. కానీ అన్నిటికీ కలిపి ఒకే అంకె చెప్పినవారు వాటిలో ఒక్క వస్తువు మీద కన్నేసి, మిగతావి ఉచితంగా తీసుకుంటున్నారేమో తెలుసుకోవాలి. నాలుగు రకాలకూ విడివిడిగా ధర రాసి ఇమ్మనండి. దేనికి తడబడతారో, దేన్ని విడిగా అమ్మితే కొననంటారో గమనించండి. అదే మీకు పెద్ద సమాచారం. ఆ కాగితం చేతికి వచ్చాక రెండు వేలం సంస్థల అంచనాలు పక్కన పెట్టుకుని ముగ్గురూ కూర్చోండి. కూజా ఒకచోట, చిత్రం మరోచోట అమ్మడానికి వెనకాడకండి. పింగాణీ బాగా తెలిసినవాళ్లకు చిత్రాలు తెలియాలని లేదు.

పళ్లాల్లో మేకులు కొట్టిన దాన్ని మాత్రం జాబితాలోంచి తీసేయండి. అమ్మితే దానికి వచ్చేది పెద్దగా ఉండదు, మిగతా ఐదింటి పక్కన అది ధర పెంచదు కూడా. దాన్ని వెనక్కి తిప్పి చూశారా? మేకుల కోసం తొలిచిన రంధ్రాలు పళ్లెం అవతలికి రావు, సగం మందంలోనే ఆగుతాయి. అంత పలచని పింగాణీలో బీట పెరగకుండా అన్ని రంధ్రాలు తొలిచి, మేకులను బిగించి, చుక్క నీరు కారకుండా నిలబెట్టారు ఎవరో. మీ మేనత్త ఆరింటిలో దీన్నే గోడకు తగిలించుకున్నారని మీరే రాశారు. ముగ్గురిలో ఎవరి గోడ మీద చోటుందో చూడండి.